ఫోటోకి ముస్తాబు

లోకంలో మిగతావాళ్ళు ఫోటో తీయించుకుంటారేమో గాని, మన తెలుగువాళ్ళం మాత్రం ఫోటో దిగుతాం. ఏట్లోకి దిగినట్టు, బరిలోకి దిగినట్టు, పెళ్ళివారు విడిదిలో దిగినట్టు, మనం ఫోటోలోకి దిగుతాం. దిగిన తర్వాత మన బొమ్మ అందులో పడుతుంది. "ఒరేయ్, నువ్వు బాగా పడ్డావురా!" అని ఒకరు మెచ్చుకుంటారు. "నేను సరిగ్గా పడలేదు" అని ఇంకొకరు చిన్నబుచ్చుకుంటారు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి కాబట్టి ఇలాంటి మాటలు చెవిని పడితే చూస్తూ ఊరుకోలేను. కాస్త ఆలోచిస్తే ఈ మాటలో ఎంతో న్యాయం ఉందనిపిస్తుంది. ఏట్లోకి దిగేవాడు ముందు పంచె ఎగగట్టుకుంటాడు, లోతెంతో చూసుకుంటాడు, పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు. ఫోటోలోకి దిగేవాడూ అంతే. ఏ బట్ట కట్టుకోవాలి, వెనక ఏముండాలి, ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అనే తతంగమంతా తేలితే గాని కాలు పెట్టడు.

నేను చెప్పబోయేది సెల్‌ఫోనుతో రోజుకు నలభై తీసి మర్చిపోయే ఫోటోల సంగతి కాదు. ఇంటిల్లిపాదీ కలిసి, ఒక రోజు నిర్ణయించుకుని, చెప్పి చేసుకుని దిగే గ్రూప్ ఫోటో సంగతి. అటువంటి ఫోటో ఒక కుటుంబంలో పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఒకటి పడుతుంది. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళబోయే ముందు, అబ్బాయి దూరదేశం పోబోయే ముందు, పెద్దాయన షష్టిపూర్తికి, పాత ఇల్లు అమ్మే ముందు దిగుతారు. ఏదో ఒకటి మారిపోబోతున్నదని తెలిసినప్పుడే మనకు ఫోటోగ్రాఫరు గుర్తుకు వస్తాడన్నమాట. అందుకే ఆ రోజు ఇంట్లో అంత హడావుడి. అది ఉత్త సరదా అనుకునేవాళ్ళు పొరపాటుపడుతున్నారు.

ముందు బట్టల సంగతి చూద్దాం.

డాగేర్ అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన ఫోటో పద్ధతిని 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడించారు. అప్పటినుంచి చాలాకాలంపాటు కెమెరాలోని పలకలకు ఒక విచిత్రమైన గుణం ఉండేది. నీలం రంగును అవి తెలుపుగా చూపేవి. ఎరుపు వాటి కంటికి ఆనేదే కాదు. అందువల్ల ఎర్రని చీరె కట్టుకుని కూర్చున్న పెళ్ళికూతురు ఫోటోలో నల్లచీరెతో ప్రత్యక్షమయ్యేది. కుంకుమబొట్టు కాటుకబొట్టయ్యేది. లేతనీలం చీరె కట్టుకున్న ఇల్లాలు తెల్లచీరెలో తేలేది. నీలికళ్ళ దొరల కళ్ళయితే నిజంగానే తెల్లబోయేవి. అన్ని రంగులనూ సమంగా పట్టే పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినా, పాత రకం సరుకు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు చెలామణీ అయింది. కనుక మన ముత్తవ్వల ఫోటోలు చూసి, "అయ్యో, పెళ్ళిలో నల్లచీరె కట్టారేమిటి!" అని నొచ్చుకోకండి. ఆ నలుపు వెనక ఏ ఎరుపున్నదో ఎవరికి తెలుసు?

రంగు పడదని తెలిసిన కాలంలో, పడేవాటిమీదే అందరి దృష్టీ ఉండేది. వెడల్పాటి అంచు, జరీ, కాసులపేరు, వంకీ, వడ్డాణం. మగవాళ్ళకు కోటు, ఉత్తరీయం, జేబులో పెన్ను. చేతిగడియారం ఉన్న పెద్దమనిషి ఆ చెయ్యి మోకాలిమీద ఆనించి, గడియారం కెమెరాకేసి తిరిగేలా కూర్చునేవాడు. లేనివాళ్ళు అడిగి తెచ్చుకునేవారు. ఎరువు సొమ్ము బరువు చేటంటారు. కాని ఫోటోలో ఎరువు సొమ్ముకు బరువు లేదు. ఒకే గొలుసు ఒక వీధిలోని నాలుగిళ్ళ ఫోటోల్లో నాలుగు మెడల్లో కనిపించిన సందర్భాలు మన పెద్దవాళ్ళు నవ్వుతూ చెబుతారు. ఇస్త్రీపెట్టె లేని ఇళ్ళలో అడుగు చదునుగా ఉన్న ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, గంజిపెట్టిన పంచెను రుద్దేవారు. పిల్లలకు తలంతా నూనె పట్టించి, పాపిడి తీసి, మొహానికి పౌడరు అద్దేవారు. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు! ఆ తేడాను స్టూడియోవాడు పెన్సిలుతో నెగెటివ్ మీద దిద్ది సరిచేసేవాడు. ఛాయ అంటే నీడ, ఛాయ అంటే ఒంటి రంగు కూడా. మన ఛాయాచిత్రాల్లో రెండో ఛాయ మొదటి ఛాయను చాలా ఇబ్బంది పెట్టింది.

ఇప్పుడు రంగుల కరవు లేదు. అయితే కొత్త తంటా ఒకటి వచ్చింది. దాని పేరు థీమ్. ఇంట్లో పద్నాలుగుమంది ఉంటే పద్నాలుగుమందీ ఒకే రంగు. తాతగారి లాల్చీ, మనవడి చొక్కా, కోడలి చీరె, అల్లుడి కుర్తా, అన్నీ ఒకే తాను గుడ్డలో కత్తిరించినట్టుండాలి. చూసినవాళ్ళు ఇది కుటుంబమో, పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళమో తేల్చుకోలేరు. పైగా ఈ రంగుల పేర్లు నాకు నోరు తిరగవు. మన భాషలో చిలకాకుపచ్చ, నేరేడుపండు రంగు, ఉల్లిపొర రంగు, గంధం రంగు, నెమలికంఠం రంగు, వంగపండు రంగు, మామిడిచిగురు రంగు అని ఎంత చక్కని పేర్లున్నాయి! వాటిలో ఒక్కటైనా బట్టలకొట్లో వాడితే అమ్మే కుర్రవాడు తెల్లమొహం వేస్తున్నాడు. ఉప్పాడ, వెంకటగిరి, మంగళగిరి, గద్వాల, ధర్మవరం మగ్గాలవాళ్ళకు మాత్రం ఆ పేర్లు ఇంకా తెలుసు. అదొక ఊరట.

ఇక తెర సంగతి.

పాత స్టూడియోలో అడుగు పెట్టగానే ముందు కళ్ళబడేది వెనక వేలాడే తెర. రంగులతో చిత్రించిన గుడ్డ తెర. దానిమీద పాలరాతి మెట్లు, లావుపాటి స్తంభాలు, పూలకుండీలు, ఒక కొలను, అందులో రెండు హంసలు. కొన్నింటిమీద తాజ్‌మహలు. ఈ మెట్లు, స్తంభాలు విలాయతీ స్టూడియోలనుంచి వచ్చిన మోస్తరు. మనవాళ్ళకు అది కొత్తగా తోచలేదు. సురభి నాటకాలవాళ్ళు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో తొలి నాటకం ఆడినప్పటినుంచి ఊరూరా దర్బారు తెర, ఉద్యానవనం తెర, అడవి తెర, వీధి తెర చూపిస్తూనే ఉన్నారు. తెరముందు నిలబడితే తామెవరో కొంచెం మారిపోతామని మన జనానికి అలా తెలుసు. జన్మలో మేడ ఎక్కని ముసలమ్మ ఫోటోలో మాత్రం మేడమెట్ల ముందు కూర్చుంటుంది. గోదావరి లాకులు దాటని రైతు తాజ్‌మహలు ముందు నిలబడతాడు. నవ్వకండి. అబద్ధం తెరమీద ఉంది గాని, దాని ముందు కూర్చున్న మనిషి కోరిక నిజం. "నా పిల్లలు ఇటువంటి మెట్లు ఎక్కాలి" అని ఆవిడ మనసులో అనుకున్నదేమో! ఎక్కినవాళ్ళు ఎక్కారు కూడా.

తెర లేకుండానే వెనకభాగం చూపించిన ఘనత మన పూలజడది. వేసవిలో మల్లెమొగ్గలు వచ్చే రోజుల్లో ఆడపిల్లకు జడ కుట్టించి, పట్టులంగా కట్టి స్టూడియోకు తీసుకెళ్ళేవారు. జడ చూపిస్తే మొహం కనబడదు, మొహం చూపిస్తే జడ కనబడదు. అందుకని పిల్లను నిలువుటద్దం ముందు ఒక వాటంగా నిలబెట్టేవారు. మొహం కెమెరాలో పడేది, జడ అద్దంలో పడేది. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని ఈ ఉపాయం మన తల్లుల పట్టుదలవల్ల పుట్టిందని నా నమ్మకం. అంత కష్టపడి మొగ్గలు కుట్టినవాళ్ళు, జడ పడకుండా ఫోటో తీస్తే ఊరుకుంటారా?

తెరల విషయంలో మన నేలమీద గొప్పగా తలుచుకోవలసినవాడు లాలా దీన్‌దయాళ్. ఆయన 1844లో ఉత్తరదేశంలో పుట్టాడు, 1905లో పోయాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, రాజా ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందాడు. రాజులనూ, కోటలనూ, వేటలనూ ఆయన తీసిన ఫోటోలు లోకప్రసిద్ధం. నాకు అన్నిటికంటె నచ్చింది ఇంకొకటి. ఘోషా పాటించే ఇళ్ళ స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారు కదా. 1892లో ఆయన హైదరాబాదులో వారికోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫోటోలు తీసేదీ, చూసుకునేదీ ఒక ఇంగ్లీషు వనిత. వాళ్ళు రారు కాబట్టి వాళ్ళ ఫోటో లేదని సరిపెట్టుకోలేదాయన. వాళ్ళు రావడానికి ఏం కావాలో అది కట్టించాడు. వెనక తెర ఒక్కటే కాదు, చుట్టూ గోడ కూడా ఫోటోకి చేసే ముస్తాబులో భాగమేనని ఆయనకు తెలిసింది.

దీనికి సరిగ్గా ఎదురైన సంగతి ఒకటి చెబుతాను. 19వ శతాబ్దంలో ఐరోపా అమెరికాల్లో పసిపిల్లల ఫోటో తీయడం పెద్ద గండం. పలకమీద బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది, పిల్లలు కదిలితే అంతా అలుక్కుపోయేది. అందుకని తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, నిలువునా ఒక గుడ్డ కప్పి, ఒళ్ళో బిడ్డను పెట్టి తీసేవారు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. బిడ్డ చక్కగా పడింది. వెనక కుర్చీ అనుకున్నది నిజానికి తల్లి. తల్లినే తెర చేశారు.

ఈ సంగతి మొదట చదివినప్పుడు నాకు మా ఇంటి ఫోటో ఒకటి గుర్తుకొచ్చింది.

మాది కోనసీమలో ఒక పల్లె. మా పాత మండువా ఇంట్లో గోడకు 1962 నాటి గ్రూప్ ఫోటో ఒకటి వేలాడుతూ ఉండేది. మా పెద్ద మేనత్తను కాపురానికి పంపే ముందు దిగిన ఫోటో. అమలాపురంనుంచి ఫోటోగ్రాఫరు కెమెరాపెట్టె, మూడుకాళ్ళ స్టాండు, నల్లగుడ్డ వేసుకుని వచ్చాడట. కరణంగారింటినుంచి చేతుల కుర్చీలు నాలుగు తెచ్చారు. మా తాతగారి ఒంటిమీది కోటు ఆయనది కాదు. మా నాయనమ్మ మెడలో గొలుసు ఆవిడదే గాని, అందుకోసం తాకట్టునుంచి రెండు రోజులకు విడిపించారట. మా నాన్నగారికి అప్పుడు పదేళ్ళు. నిక్కరు జేబులో చెయ్యి పెట్టుకుని కోపంగా చూస్తూ ఉంటారు. అందరి వెనకా వీధి అరుగు స్తంభాలకు కట్టిన తెల్లదుప్పటి.

ఆ దుప్పటి కుడి అంచున నాలుగు వేళ్ళు కనిపిస్తాయి.

చిన్నప్పుడు మేం వాటిని దయ్యం వేళ్ళని చెప్పుకుని భయపడేవాళ్ళం. ఆ వేళ్ళు మా తాతగారి అక్కగారివని తర్వాత అమ్మ చెప్పింది. ఆవిడ చిన్నతనంలోనే భర్త పోయి, పుట్టింట తమ్ముడి సంసారంలో ఉండిపోయారు. ఆ ఇంటి వంటా వార్పూ, పిల్లల పెంపకమూ అన్నీ ఆవిడ చేతిమీదే. ఫోటో రోజు మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి లేచి దుప్పటి ఎగరసాగిందట. ఎవరైనా వెనకనుంచి పట్టుకుంటే గాని లాభం లేదన్నాడు ఫోటోగ్రాఫరు. ఆవిడ వెళ్ళి పట్టుకున్నారు. నువ్వు రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. శుభమా అని పిల్ల కాపురానికి వెళుతుంటే ఆవిడ ఎదురుపడకూడదనేది ఆ కాలంలో ఎవరూ పైకి అనవలసిన మాట కాదు. నేను పుట్టకముందే ఆవిడ పోయారు. మా ఇంట్లో ఆవిడ ఫోటో వేరే లేదు. ఆ నాలుగు వేళ్ళే ఉన్నాయి.

ఇక మొన్నటి వేసవి సంగతి. మా అమ్మాయికి పూణేలో ఉద్యోగం వచ్చింది. అది వెళ్ళే ముందు అందరం కలిసి పాత ఇంటి దగ్గర ఒక ఫోటో దిగుదామని అనుకున్నాం. హైదరాబాదునుంచి మా తమ్ముడి కుటుంబం, భీమవరంనుంచి మా చెల్లెలి కుటుంబం వస్తామన్నారు. థీమ్ బాధ్యత మా అమ్మాయి నెత్తిన వేసుకుంది. లేతగులాబీ, ముదురునీలం. మగవాళ్ళు నీలం, ఆడవాళ్ళు గులాబీ. నెల ముందే ఫోనులో అందరికీ ఉత్తర్వులు వెళ్ళాయి. జాకెట్లు కుట్టుకు ఇచ్చారు. నాకొక నీలం లాల్చీ వచ్చింది.

మా అమ్మకు డెబ్భై దాటాయి. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి లేతరంగు నేత చీరెలు తప్ప కట్టదు. గులాబీరంగు చీరె ఒకటి కొని మా ఆవిడ తెచ్చి చూపిస్తే, "బాగుందమ్మా, నువ్వు కట్టుకో" అంది. మరునాడు ఫోటోగ్రాఫరు కుర్రవాడు వెలుతురు చూసుకోవడానికి వచ్చాడు. ఎండను మొహాలమీదికి మళ్ళించడానికి తెల్లని థర్మకోలు అట్ట ఒకటి వెంట తెచ్చాడు. దాన్ని ఎవరైనా పట్టుకోవాలన్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అది నేను పట్టుకుంటాలే బాబూ. వీళ్ళంతా దిగుతారు కదా" అంది.

మా ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, గోడమీది 1962 నాటి ఫోటో తీసి, దుమ్ము తుడిచి, తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టింది.

ఆ వేళ్ళ కథ మా అమ్మాయికి అప్పటిదాకా తెలియదు. అడిగింది. అమ్మే చెప్పింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు గుమ్మడికాయ వడియాలు పెట్టడం నేర్పింది ఆ చేతులే తల్లీ" అంది. మా అమ్మాయి చాలాసేపు ఫోటో చూసి, "మామ్మా, నీ పెట్టెలో నీకు బాగా ఇష్టమైన చీరె ఏది?" అని అడిగింది.

"ఇప్పుడదెందుకే?"

"చూపించు ముందు."

పెట్టె అడుగునుంచి వచ్చింది ఒక వెంకటగిరి చీరె. గంధం రంగు, సన్నని ఆకుపచ్చ అంచు, అంచుమీద పలచగా జరీ. నాన్నగారు పోయే ఏడాది కొన్నది. మడత విప్పలేదు. "ఇదే మన రంగు" అని మా అమ్మాయి తేల్చేసింది. "మామ్మది గంధం. మిగతావాళ్ళం గంధమో, ఆకుపచ్చో, ఇంట్లో ఉన్నదేదో కట్టుకుంటాం."

అంత సులువుగా తేలలేదు లెండి. భీమవరంలో మా చెల్లెలు కుట్టించిన గులాబీ జాకెట్టుకు కూలి ఎవరిస్తారని పోట్లాడింది. మా మరదలు రెండు రోజులు ముభావంగా ఉంది. అన్నిటికంటె గట్టి అభ్యంతరం అమ్మదే. "పిల్లకి ముందుముందు పెళ్ళి కావలసి ఉంది. రేపు పెళ్ళివారికి ఈ ఫోటోయే చూపిస్తారు. మధ్యలో నేనెందుకు? పెద్దత్తయ్యగారికి తెలియకనా వెనక నిలబడ్డారు?"

"ఫోటోలో మీ మామ్మ ఏదని అడగని సంబంధం నాకక్కర్లేదు మామ్మా" అంది మా అమ్మాయి.

అమ్మ జవాబు చెప్పలేదు. ఆ పూట ఇంక ఆ మాటే ఎత్తలేదు. రాత్రి అన్నాలయ్యాక మా ఆవిడను పిలిచి, "అమ్మాయ్, ఆ చీరెమీది జాకెట్టు బిగుతైంది. పక్క కుట్లు విప్పాలి. సూది ఎక్కడ పెట్టావు?" అంది.

ఫోటో రోజున కుర్రవాడు తెచ్చిన తెర కట్టబోతే గాలి లేచింది. కోనసీమ గాలి మారదు కదా! తెర తీసేయమన్నాం. వెనక పాత స్తంభాలు, పసుపు రాసిన గడప, సగం తెరిచిన టేకు తలుపు. థర్మకోలు అట్ట కుర్రవాడి అసిస్టెంటు పట్టుకున్నాడు. అమ్మ మధ్య కుర్చీలో కూర్చుంది. నవ్వమంటే నవ్వలేదు. మా తమ్ముడి చిన్నవాడు తుమ్మితే నవ్వింది; అప్పుడు తీశాడు.

1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది. ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. గ్రూప్ ఫోటో కూడా అటువంటి పెట్టే. ఎవరు చూసినా మొట్టమొదట కనిపించేది తామే. ఫోటో అచ్చు వేయించి తెచ్చినప్పుడు మా ఇంట్లోనూ అదే జరిగింది. ఒకరు తన పొట్ట చూసి దిగులుపడ్డారు, ఒకరు కళ్ళు మూసుకున్నానన్నారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అంచు బాగా పడిందిరా" అంది. అంతే.

ఇటువంటి ఫోటో దిగే ఆలోచనలో మీరూ ఉంటే, ఆ కుర్రవాడివల్లా మా ఇంటి అనుభవంవల్లా తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

రంగు నిర్ణయించేటప్పుడు అందరికంటె ఇబ్బంది ఎవరికో వారినుంచి మొదలుపెట్టండి. పెద్దవాళ్ళు ఏది కట్టుకోగలరో, పసివాళ్ళు ఏది వేసుకుంటే ఏడవరో చూసి, మిగతావాళ్ళు దానికి తగ్గట్టు సర్దుకోవాలి. అందరికీ ఒకే రంగు అక్కర్లేదు. ఒకదానికొకటి చుట్టరికం ఉన్న రంగులు చాలు: గంధానికి ఆకుపచ్చ, ఇటుకరంగుకు మీగడరంగు. కుటుంబంలో మొహాలు అలాగే కదా, ఒకటి కావు, కాని పోలిక ఉంటుంది. మరీ దగ్గర దగ్గరగా ఉండే సన్నగళ్ళు, సన్నచారలు డిజిటల్ కెమెరాలో అలలు తిరిగినట్టు పడతాయి. ముందుగా ఒకటి తీయించి చూసుకోండి. కళ్ళు జిగేలుమనే ఎరుపు, పచ్చ గడ్డం కిందనుంచి మొహానికి తమ రంగు పులుముతాయి. కొత్త బట్టలు ముందురోజు ఒకసారి వేసి చూడకపోతే, జాకెట్టు బిగుతని ఫోటోగ్రాఫరు ఎదుట తెలుస్తుంది.

తెర కట్టిస్తే దానికి నాలుగైదడుగుల ముందు కూర్చోండి. అప్పుడు మీ నీడ తెరమీద పడదు. చెట్టుకింద చల్లగా ఉంటుందని కూర్చుంటే ఆకుల సందుల్లోంచి పడే ఎండ మొహాలమీద మచ్చలు వేస్తుంది. ఉదయం ఎండ ముదరకముందు గాని, సాయంకాలం పొద్దు వాలాక గాని దిగండి. కళ్ళజోడు మెరిస్తే గడ్డం ఒక్క రవ్వ దించమనండి. పసిపిల్లలకు కడుపు నింపి, వాళ్ళు ఉన్న ఫోటో మొదట తీయించండి. అన్నిటికంటె మంచి తెర మీ ఇల్లే. ముప్ఫై ఏళ్ళ తర్వాత మీ మనవలు చూసేది జలపాతాన్ని కాదు. ఆ గుమ్మాన్ని, ఆ అరుగును, వెనక గూట్లో ఉన్న కుట్టుమిషనును వెతుక్కుంటారు.

ఫోటో ఫోనులో ఉంచి ఊరుకోకండి. అచ్చు వేయించండి. వెనక మెత్తని పెన్సిలుతో ఏడాది, ఊరు, అందరి పేర్లూ వరసగా రాయండి. సిరా అయితే ఇవతలికి ఊరే భయం ఉంది. "వదినగారు", "పెద్దబ్బాయి" అని రాయకండి. యాభై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళకు ఎవరి వదిన, ఎవరి పెద్దబ్బాయి? పేర్లే రాయండి.

ఇక ఆఖరిమాట. అంతా సర్దుకున్నాక, ఫోటోగ్రాఫరు "రెడీ" అనే ముందు ఒక్క క్షణం ఆగమనండి. తలలు లెక్కపెట్టండి. లెక్క తక్కువైతే వంటింట్లోకి, వీధి గుమ్మంలోకి, తెర వెనక్కి ఒకసారి చూసి రండి. అక్కడ ఎవరైనా ఏదైనా పట్టుకుని నిలబడి ఉంటే, అది తీసుకోవడానికి ఫోటోగ్రాఫరు అసిస్టెంటున్నాడని చెప్పి, తీసుకొచ్చి కూర్చోబెట్టండి. జాకెట్టు బిగుతైందంటే కాసేపు ఆగండి. సూదీ దారమూ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.